కామ్యార్ స్కీలు కొన్న చలికాలం

ఆ ఏడు మొదటి మంచు ఒక గురువారం పడింది. మర్నాడు శుక్రవారం, పొద్దున్న తొమ్మిదికల్లా మా దుకాణంలో మా నాన్నా, నాకు కాబోయే భర్తా ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని తోసుకుంటున్నారు.

"నా మీద ఒట్టు, తీసుకోండి ఆఘా సైఫుల్లా."

"నీ డబ్బు ఈ బల్ల మీద పడితే నేనిక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేను. జేబులో పెట్టు."

"మొన్నటి చలికాలం దాకా తీసుకున్నారుగా!"

"మొన్నటిదాకా నువ్వు కస్టమర్‌వి. ఇప్పుడు అల్లుడివి. అల్లుడి దగ్గర స్కీలకి అద్దె తీసుకున్నాడని ఎవరైనా అంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

వాళ్ళ వెనక ఆరుగురు టెహ్రాన్ వాళ్ళు బూట్ల కోసం నిలబడి చోద్యం చూస్తున్నారు. కామ్యార్ నోట్లు నాన్న కోటు జేబులో కుక్కాడు. నాన్న వాటిని తీసి కామ్యార్ బూటులో కుక్కి, బూటు కొక్కేలు టకటకా బిగించేశాడు. పాపం, ఆ పూటంతా అరికాలి కింద నోట్లతోనే మంచులో తిరిగాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవే నోట్లు రొట్టెల గుడ్డ కింద దొరికాయి, కొద్దిగా తడిగా.

"ఇవాళ రొట్టెలకి కాళ్ళ వాసన ఎందుకొస్తోందో ఇప్పుడు తెలిసింది," అంది అమ్మ.

మాది షెమ్షక్, టెహ్రాన్ పైనున్న కొండల్లో ఊరు. మంచుండే నాలుగు నెలలూ సెలవులకొచ్చే వాళ్ళకి స్కీలు అద్దెకివ్వడమే మా బతుకు. కామ్యార్ టెహ్రాన్‌లో ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. రెండు చలికాలాలు మా దగ్గర స్కీలు అద్దెకి తీసుకుని, మూడోది రాకముందే వాళ్ళమ్మని వెంటబెట్టుకొచ్చి నన్నడిగాడు. మార్చిలో నౌరూజ్ పండగ వెళ్ళాక పెళ్ళి. ఆ తర్వాత నేను టెహ్రాన్ వెళ్ళాలి. ఈ చివరి సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. మాట అటు మళ్ళుతోందనిపిస్తే చాలు, నాన్నకి టీ కాచే సమోవార్‌లో నీళ్ళు చూడాల్సిన పని గుర్తొచ్చేది.

స్కీలు ఊరికే ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. నాన్న వాటితోపాటు చదువు కూడా ఇచ్చేవాడు. వాలు కింద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, పైనుంచి వణుక్కుంటూ దిగే కామ్యార్‌ని చూసి కొండలు మోగేలా అరిచేవాడు.

"మోకాళ్ళు! మోకాళ్ళు వంచవయ్యా! టెలిఫోన్ స్తంభంలా ఏంటా నిలబడటం? ఎడమ కాలు మీద బరువెయ్యి. అది కుడి కాలు!"

ఊళ్ళో వాళ్ళు పనులు మానుకుని చూసేవాళ్ళు. రొట్టెల భట్టీ దగ్గర వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా "మోకాళ్ళు, మోకాళ్ళు" అనడం మొదలుపెట్టారు.

మూడో శుక్రవారం కామ్యార్ పొయ్యి పక్కన సాక్సులు ఆరబెట్టుకుంటూ, నాన్న బయటున్నాడని చూసుకుని, మెల్లగా అన్నాడు.

"తూబా, నేను స్కీలు కొనుక్కుంటాను."

"ఎందుకు?"

"అందరూ ఎందుకు కొనుక్కుంటారు?"

"అందరూ కొనుక్కోరు. అందుకే మేం అన్నం తింటున్నాం. ఏడాదికి ఎన్ని రోజులు స్కీ చేస్తావు నువ్వు? ఆరు? ఏడు? పది రోజులు దాటని వాళ్ళు కొనకూడదు. కొన్నావంటే అంచులకి తుప్పు పడుతుంది. మైనం పట్టించాలి. వేసవిలో ఎక్కడ పెట్టాలో తెలీక ప్రతివాడి మొహం మీదా అవి పడతాయి. రెండేళ్ళకి బూటు బిగుతవుతుంది..."

"కస్టమర్లకి చెప్పే పాఠం నాకూ చెప్తున్నావు."

"కస్టమర్లకి అబద్ధం చెప్తాననుకున్నావా?"

అతను సాక్సు తిరగేశాడు. "చూడు. అద్దె స్కీలయితే మీ నాన్న డబ్బు తీసుకోడు. డబ్బు తీసుకోకపోతే ఆయన చెప్పినట్టు వినాలి. వినాలంటే ఊరందరి ముందూ మోకాళ్ళు వంచాలి. అదే నా సొంత స్కీలయితే, నా మోకాళ్ళు నా ఇష్టం."

లోపల్నుంచి ఆష్ పులుసు గిన్నె కలుపుతున్న అమ్మ అందుకుంది.

"కొననీవే. పెళ్ళికి ముందు మగవాడు ఒక్క పనికిమాలిన వస్తువైనా కొని తీరాలి. మీ నాన్న కుంటి గుర్రాన్ని కొన్నాడు. ఇవి కనీసం గడ్డి తినవు."

రెండు వారాల తర్వాత కామ్యార్ తెల్లకారు నెత్తిన స్కీలు కట్టుకుని వచ్చాడు. ఎంత పసుపంటే, కారు మలుపు తిరగకముందే ఆ పసుపు మలుపు తిరిగింది. పొడుగు కూడా ఎక్కువే. నిలబెడితే అతని చెయ్యెత్తు దాకా వచ్చాయి.

నాన్న దుకాణం గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆ మొహం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, పక్క వీధిలో ఇంకో అద్దె దుకాణం తెరిచిన రోజు. కాసేపటికి తేరుకుని దగ్గరికి వచ్చాడు. స్కీ అంచు వెంబడి బొటనవేలు జార్చాడు. కింద తట్టి చూశాడు.

"ముబారక్," అన్నాడు. "మంచి సరుకే. బూటుకి బిగింపు ఎవరు పెట్టారు?"

"దుకాణం వాళ్ళే. పందేలకెళ్ళే వాళ్ళకి ఎలా బిగిస్తారో అలాగే బిగించారట."

"ఊఁ," అన్నాడు నాన్న. అంతే.

కామ్యార్ అమ్మకి చూపించి మెచ్చుకోలు అందుకోవడానికి లోపలికెళ్ళాడు. నేను దుకాణం వెనక్కి వెళ్ళేసరికి నాన్న పసుపు స్కీలని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

"బాబా, ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు. దుమ్ము తుడుస్తున్నా."

"స్క్రూడ్రైవర్‌తోనా?"

గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇంత బిగించుకుని పడితే స్కీ ఊడదే. కాలు ఊడుతుంది. ఆ కాలు రేపు మనకి కావాలి కదా."

"ఆ మాటే అతనికి చెప్పొచ్చుగా."

"ఎట్లా చెప్పను? మన స్కీలయితే ఊరంతా వినేలా అరిచి చెప్పేవాణ్ణి. ఇవి వాడివి. వాడు కొనుక్కున్నవి." స్క్రూని ఇంకో పావు చుట్టు వదులు చేసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "నువ్వు చూళ్ళేదు."

గంట తర్వాత కామ్యార్ పెద్ద వాలు మీద పడ్డాడు. మామూలుగా పడటం కాదది. ముందు టోపీ వచ్చింది, తర్వాత కర్ర ఒకటి, ఆ వెనక దొర్లుకుంటూ మనిషి. పసుపు స్కీలు రెండూ టపటపా ఊడి, పైన మంచులోనే కూరుకుపోయాయి. అతను లేచి, చెవుల్లోంచి మంచు దులుపుకుని, రెండు కాళ్ళ మీదా నడుచుకుంటూ వచ్చాడు.

"చూశారా ఆఘా సైఫుల్లా? కొత్తవి! ఒక్క పూటకే ఊడిపోయాయి. ఆ దుకాణం వాణ్ణి ఊరికే వదలను."

"వదలొద్దు," అన్నాడు నాన్న గంభీరంగా. "గట్టిగా అడుగు."

నేను లోపలికి పరుగెత్తి అమ్మ భుజం మీద మొహం పెట్టుకుని నవ్వాను. సంగతేంటో చెప్పకుండా నవ్వానని అమ్మకి కోపం వచ్చింది.

టెహ్రాన్‌లో కామ్యార్ వాళ్ళుండేది నాలుగో అంతస్తు, రెండు చిన్న గదులు. స్కీలు హాల్లో పెట్టాలంటే తను గోడలో పడుకోవాలని వాళ్ళమ్మ తెగేసి చెప్పిందట. అందుకని పసుపు స్కీలు మా దగ్గరే ఉండిపోయాయి. నాన్న వాటికి వేరే గోడ, వేరే కొక్కేలు ఇచ్చాడు. మీద గుడ్డ కూడా కప్పాడు. సొంత స్కీలు వచ్చాక శుక్రవారాల్లో అరుపులు ఆగిపోయాయి. నాన్న కింద నిలబడి చూసేవాడే గాని నోరు తెరిచేవాడు కాదు. ఆ నిశ్శబ్దంలో కామ్యార్ ఇంకా ఎక్కువసార్లు పడేవాడు.

ఒక శుక్రవారం గాలి గట్టిగా వీచి, కొండ మీదికి తీసుకెళ్ళే కుర్చీల లిఫ్ట్ ఆపేశారు. చెయ్యడానికేం తోచక కామ్యార్ నా బల్ల దగ్గర కూర్చున్నాడు. అద్దె స్కీల అంచులు ఆకురాయితో పదును పెట్టే పని నాది. "ఏదీ, ఒకటి ఇలా ఇవ్వు," అన్నాడు. ఇచ్చాను. రోజంతా గాజు అంచులు దిద్దే చెయ్యి అది. ఆకురాయి చప్పుడే మారిపోయింది, బట్ట చించినట్టు ఒకే వరసలో. సాయంత్రానికి పదకొండు జతలు పూర్తిచేశాడు. మధ్యలో రెండుసార్లు ఈల కూడా వేశాడు. అతను ఈల వేస్తాడని నాకప్పటిదాకా తెలీదు.

నాన్న ఒక స్కీ అందుకుని అంచుకి గోరు ఆనించి లాగాడు. గోటి మీంచి తెల్లటి పొట్టు లేచింది. లోపలికెళ్ళి తన చేత్తో టీ తెచ్చి అతని పక్కన పెట్టాడు. నాన్న ఇంట్లో ఎవరికైనా టీ తెచ్చి పెట్టడం చూసి అమ్మ జ్వరమొచ్చిందేమోనని ఆయన నుదురు ముట్టుకుంది.

నడి చలికాలంలో బహ్మన్ నెల సెలవులొచ్చాయి. టెహ్రాన్ సగం మా వీధిలోనే ఉంది. పది గంటలకల్లా గోడలన్నీ ఖాళీ అయిపోయాయి. అప్పుడొచ్చాడు ఇంజినీర్ షాయెగాన్. పన్నెండేళ్ళ కస్టమర్, నిలువెత్తు మనిషి, తలుపులో పక్కకి తిరిగి గాని పట్టడు.

"సైఫుల్లా ఖాన్! ఏడాదంతా ఈ ఒక్కరోజు కోసం బతికాను. ఉత్త చేతుల్తో పంపించకు."

నాన్న అతన్ని చూశాడు. అతని పాదాలు చూశాడు. తర్వాత గుడ్డ కప్పిన గోడ వైపు చూశాడు.

"బాబా, వద్దు," అన్నాను చెవిలో.

"కామ్యార్ ఈ వారం రానన్నాడుగా."

"రాకపోయినా అవి అతనివి."

"ఒక్క పూట. తుడిచి మళ్ళీ పెట్టేస్తా. సెలవు రోజున స్కీలు గోడకి ఆనుకుని నిలబడితే నాకు ఒంట్లో బాగుండదే."

పన్నెండున్నరకి తెల్లకారు వచ్చి ఆగింది. కామ్యార్ చేతిలో క్రీమ్ రొట్టెల పెట్టె. వాళ్ళ దుకాణం యజమాని ఉన్నట్టుండి సెలవిచ్చాడట.

"సలాం! నా స్కీలు తీసుకుని ఒక చుట్టు వెళ్ళొస్తాను."

"ముందు ఆష్ తిను, వేడిగా ఉంది," అంది అమ్మ మెరుపులా.

"స్కీలకి మైనం పట్టించాను," అన్నాడు నాన్న. "ఆరుతున్నాయి. సాయంత్రం దాకా ముట్టుకోకూడదు."

కామ్యార్ సరేనని రొట్టెల పెట్టె నాకందించి, గుమ్మంలో నిలబడి వాలు వైపు చూశాడు. ఆ తెల్లటి కొండ మీద పసుపు రంగుది ఒక్కటే ఉంది. దాని మీద పెద్ద మనిషి ఒకాయన చేతులు బార్లా చాపి, సంతోషం పట్టలేక కేకలు పెడుతూ దూసుకొస్తున్నాడు.

"ఆరుతూ ఆరుతూ బాగానే వెళ్తున్నాయి," అన్నాడు కామ్యార్.

నాన్న స్టూలు దగ్గరికి లాక్కున్నాడు. "నువ్వు రానన్నావు కదా నాయనా..."

"అవును, రానన్నాను." అతను అరవలేదు. అరిచినా బాగుండేది. "ఒక్క ఫోన్ చేసి అడిగుంటే నేనే ఇచ్చేవాణ్ణి ఆఘా సైఫుల్లా. మీరు నా దగ్గర్నుంచి ఏదీ తీసుకోరు. అడిగి మాత్రం అసలే తీసుకోరు."

నాన్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. కామ్యార్ చేతి తొడుగులు వేసుకుంటున్నాడు. ఇప్పుడు గనక ఇతను కారెక్కితే, వచ్చే శుక్రవారం ఆ కారు రాకపోతే అని ఒక్క క్షణం అనిపించింది. సరిగ్గా అప్పుడే ఇంజినీర్ షాయెగాన్ పక్కకి తిరిగి లోపలికి వచ్చాడు, మంచుతో, చెమటతో, పసుపు స్కీలు చంటిబిడ్డలా ఎత్తుకుని.

"సైఫుల్లా ఖాన్, ఇవి స్కీలు కావు, రెక్కలు! ఎక్కడివి?"

నేనే చెప్పాల్సి వచ్చింది. "ఈయనవండీ."

"అయ్యయ్యో! మీవా? మీ వస్తువు నేను... సిగ్గుతో చచ్చిపోతున్నానండీ."

"అబ్బే, భలేవారే," అన్నాడు కామ్యార్. ఎంత కోపంలో ఉన్నా పెంపకం పెంపకమే. "మీ కాళ్ళ కింద ఉండటం వాటి అదృష్టం."

"ఏం స్కీలండీ! ఏం స్కీలు!"

"మీవే అనుకోండి. మీకే ఇచ్చేశాను."

మేం రోజుకి వందసార్లు అనుకునే మాట ఇది. కండువా బాగుందంటే కండువా, కారు బాగుందంటే కారు, అన్నీ అవతలివాళ్ళకి ఇచ్చేస్తాం. అవతలివాళ్ళు "మీ దగ్గరుంటేనే అందం" అంటారు. ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ జవాబు ఇంజినీరుకీ తెలుసు. కాని ఆయన స్కీల వంక చూశాడు, కొండ వంక చూశాడు, మళ్ళీ స్కీల వంక చూశాడు.

"నిజంగానా?" అన్నాడు.

లోపల అమ్మ చేతిలోంచి గరిటె జారిన చప్పుడైంది.

"నిజంగా ఇస్తారా? ఊరికే వద్దు. కొత్తవాటికి ఏమిస్తారో అదే ఇస్తాను."

నాన్న లేచాడు. "ఇంజినీర్‌గారూ, కుర్రాడు ఏదో మర్యాదకి..."

"లేదు," అన్నాడు కామ్యార్. అతని మొహం చూశాను. వారం రోజులుగా సలుపుతున్న పన్ను పీకించుకుని బయటికొచ్చినవాడి మొహంలా ఉంది. "మర్యాదకి అన్లేదు. తీసుకెళ్ళండి. మీద కప్పే గుడ్డ కూడా తీసుకెళ్ళండి."

ఇంజినీరు మనసు మార్చుకునేలోపు కామ్యారే వాటిని మోసుకెళ్ళి ఆయన కారుకి కట్టాడు. తాళ్ళు రెండేసి ముళ్ళు వేశాడు. నేను వెనకే వెళ్ళాను. కారు కదిలి వెళ్ళాక ఇద్దరం వీధిలో నిలబడ్డాం.

"కామ్యార్, ఒకటడుగుతా. నిజం చెప్పు. నీకసలు స్కీ చెయ్యడం ఇష్టమేనా?"

అతను చేతి తొడుగులు విప్పాడు.

"టీ ఇష్టం," అన్నాడు. "మీ పొయ్యి ఇష్టం. ఆకురాయి పని చాలా ఇష్టం. పైకెక్కి కిందికి చూడటం మాత్రం నా వల్ల కాదు."

"మరి రెండు చలికాలాలు అద్దెకి తీసుకున్నావు!"

"స్కీలు అద్దెకిచ్చే దుకాణానికొచ్చి, స్కీలొద్దు, ఊరికే కూర్చుంటానని ఎలా చెప్పను?"

"కొనడమెందుకు మరి?"

"అద్దె తీసుకోని ఇంటికి ప్రతివారం ఎలా రానూ? సొంతవి ఉంటే ఎప్పుడైనా రావచ్చనుకున్నాను."

నాకు నవ్వాలో, పట్టుకుని కుదపాలో తెలీలేదు. వీధిలో జనం ఉన్నారు కాబట్టి రెండూ చెయ్యలేదు. "వెళ్ళి బాబాకి చెప్పు," అన్నాను.

"నువ్వు చెప్పు."

"నేనెందుకు చెప్తాను? పడింది నువ్వు."

అతనే చెప్పాడు. నాన్న అప్పటికింకా స్టూలు మీదే ఉన్నాడు. స్కీ చెయ్యడం నచ్చదని, ఎత్తంటే భయమని, మొదట్నుంచీ ఇంతేనని, కామ్యార్ నేల చూపులు చూస్తూ మూడు ముక్కల్లో చెప్పేశాడు. నాన్న లేచి సమోవార్ దగ్గరికెళ్ళాడు. నిండుగా ఉన్న దాంట్లో ఇంకో చెంబుడు నీళ్ళు పోశాడు. అవి పొర్లి బల్ల మీద పడ్డాయి.

"నేను పైకెక్కి మూడేళ్ళయింది," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "మోకాళ్ళు వంగవు. కింద నిలబడి అరవడానికి మోకాళ్ళక్కర్లేదు కదా."

"మూడు కాదు, ఐదు," అంది అమ్మ లోపల్నుంచి.

నాన్న ఇటు తిరిగి, "నా తప్పు నాయనా," అన్నాడు. జీవితంలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలీదు గాని, నేను వినడం అదే మొదలు. కామ్యార్ రొట్టెల పెట్టె తెరిచి నాన్న ముందు పెట్టాడు. నాన్న ఒకటి తీసుకున్నాడు. తిన్నాక, అడక్కుండానే, రెండోది కూడా తీసుకున్నాడు.

నేను మాత్రం ఆ ఐదేళ్ళ దగ్గరే ఆగిపోయాను. ఐదేళ్ళుగా స్కీల బరువులు మోసింది నేను. పై గోదాములోంచి బూట్లు దింపింది నేను. "నువ్వు తేవే, నేను కస్టమర్ని చూస్తా," అనేవాడు నాన్న. నేను లేకపోతే ఇవన్నీ ఎవరు దింపుతారన్నది ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు.

నౌరూజ్‌కి ముందు శుక్రవారం. మంచు కరిగి వాలు మీద నల్లటి మచ్చలు తేలాయి. కస్టమర్లు ఇద్దరే వచ్చారు. అప్పుడు అమ్మకి కోరిక పుట్టింది. ముప్పై ఏళ్ళుగా ఈ కొండ కింద ఆష్ వండుతున్నాను, ఒక్కసారైనా లిఫ్ట్ ఎక్కి పైన టీ తాగలేదు, అంది. నలుగురం బయల్దేరాం.

"సైఫుల్లా, స్కీలు మరిచిపోయావు!" అని అరిచాడు లిఫ్ట్ దగ్గరి మనిషి.

"స్కీలెందుకు? మాకు కాళ్ళున్నాయి," అన్నాడు నాన్న.

ముందు కుర్చీలో నాన్నా, కామ్యారూ. వెనక అమ్మా, నేనూ. కామ్యార్ రెండు చేతుల్తో కడ్డీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడని అతని భుజాలు చూస్తేనే తెలుస్తోంది. నాన్న అతని వైపు వంగి ఏదో చెప్తున్నాడు. కాసేపటికి కామ్యార్ కూడా తల ఊపుతూ ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. గాలికి ఒక్క మాటా వినపడలేదు.

పైన టీ కొట్టు ముందు కూర్చోగానే నాన్న గొంతు సవరించుకున్నాడు.

"పదును పెట్టే బల్లని కిటికీ దగ్గరికి మారుస్తున్నాం. కుర్రాడికి వెలుతురు కావాలట. వాళ్ళ యజమానితో మాట్లాడతాడట. అద్దాలు బస్సులో పంపిస్తే ఇక్కడే అరగదీసి మళ్ళీ బస్సులో పంపేస్తాడు. చలికాలం నాలుగు నెలలూ ఇక్కడే. మిగతా ఏడాది టెహ్రాన్‌లో."

"ఆగస్టులో వాళ్ళమ్మ కూడా చల్లగాలికి ఇక్కడికొస్తుంది," అన్నాడు కామ్యార్. ఇంకా మొహం పాలిపోయే ఉంది.

"కిటికీ దగ్గర నా ఎండు ఆకుకూరలున్నాయి," అంది అమ్మ. "అవెక్కడికి పోతాయి?" ఆమె గ్లాసు కింద పెట్టి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సర్లే, ఆకుకూరల్ని అడగరు. ఈ పిల్లనైనా అడిగారా?"

నాన్న కామ్యార్‌ని చూశాడు. కామ్యార్ నాన్నని చూశాడు. బల్ల మారాలని, అద్దాలు బస్సెక్కాలని, వాళ్ళమ్మ ఆగస్టులో రావాలని, ఆ కుర్చీలో కూర్చుని అన్నీ తేల్చేశారు.

"ఇప్పుడు అడుగుతున్నాం కదా," అన్నాడు నాన్న చిన్న గొంతుతో. "ఏమంటావే తూబా?"

నా జవాబు సరేనని నాకు బహ్మన్ సెలవుల నాడే, నాన్న మోకాళ్ళ సంగతి విన్నప్పుడే తెలుసు. పళ్ళ మధ్య చక్కెర పలుకు పెట్టుకుని, టీ మెల్లగా, చివరి గుక్క దాకా తాగాను.

"కిందికి దిగాక చెప్తాను," అన్నాను.

దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ముందు కుర్చీలో ఇద్దరూ ఈసారి మాట్లాడుకోలేదు. ప్రతి స్తంభం దగ్గరా ఒకసారి వెనక్కి తిరిగి నా మొహం చూశారు. కామ్యార్ ఎత్తంటే భయపడటమే మరిచిపోయాడు. నా పక్కన అమ్మ, కండువా నోట్లో కుక్కుకుని, ఎంత నవ్విందంటే, మా కుర్చీ కొండ దిగేదాకా ఊగుతూనే ఉంది.